కెమిస్ట్రీ డిగ్రీ: పదకొండేళ్లు వాడాక నా మాట

సిలబస్‌లో ఏముంటుంది, ఎన్ని పేపర్లు, ఏ సెమిస్టర్‌లో ఏం చెప్తారు లాంటివి నేను రాయను, అవి ఎక్కడైనా దొరుకుతాయి. డిగ్రీ చేతికొచ్చి పదకొండేళ్లయింది, అప్పటి నుంచి ఈ ఫీల్డ్‌లోనే జీతం తీసుకుంటున్నాను, కాబట్టి పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా అంటే వచ్చింది. అయినా ఈ డిగ్రీ మీద నాకో కోపం ఉంది, ఇన్నేళ్లయినా చల్లారలేదు. మూడేళ్లు ల్యాబ్ ఫీజు కట్టించుకుని, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే మెషీన్) మీద ఒక్కసారి కూడా నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు.

మెషీన్ లేక కాదు. అద్దాల గదిలో గుడ్డ కప్పి ఉండేది. రెండో ఏడాది ఒక మధ్యాహ్నం ఇరవై మందిమి చుట్టూ నిలబడితే ల్యాబ్ అసిస్టెంట్ గారు గుడ్డ తీసి, ఇది పంపు, ఇది కాలమ్, ఇది డిటెక్టర్ అని వేలితో చూపించి మళ్లీ కప్పేశారు. నేను మూడో వరసలో ఉన్నాను, నాకు కనిపించింది ముందున్నవాళ్ల భుజాలు, మానిటర్ పై అంచు. రికార్డులో మాత్రం ఆ ప్రయోగం నేనే చేసినట్టు ఆరు పేజీలు రాయించారు, ఎవరో ఎప్పుడో తీసిన క్రోమటోగ్రామ్ (ఆ మెషీన్ గీసే గ్రాఫ్) జిరాక్స్ అంటించి. పరీక్షలో అన్నీ రాశాను. మిఖాయిల్ త్స్వెట్ సుద్దపొడి మీద ఆకుల రంగులు విడదీసి 1906లో దానికి క్రోమటోగ్రఫీ అని పేరు పెట్టాడని, మార్టిన్, సింజ్‌లకు 1952లో నోబెల్ వచ్చిందని, 1956 నాటి వాన్ డీమ్టర్ సమీకరణంలో ఏ పదం దేని గురించో, అంతా రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. శాంపిల్ ఎలా ఇంజెక్ట్ చేస్తారో మాత్రం నాకు తెలీదు.

ఉద్యోగం క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే విభాగంలో వచ్చింది. ట్రైనింగ్ రెండు వారాలు, అందులో ఎక్కువ భాగం ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చెయ్యాలో రాసిన పత్రాలు) చదివి సంతకాలు పెట్టడమే. నాలుగో నెలలో ఒక నైట్ షిఫ్ట్, ల్యాబ్‌లో నేనొక్కదాన్నే. సాయంత్రం నుంచి పొటాషియం ఫాస్ఫేట్ బఫర్ (అంటే ఉప్పు కరిగించిన నీళ్లు), అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ కలిపిన మొబైల్ ఫేజ్‌తో (శాంపిల్‌ని కాలమ్ గుండా మోసుకెళ్లే ద్రవంతో) శాంపిల్స్ నడుస్తున్నాయి, పీక్‌లు చక్కగా వస్తున్నాయి, ప్రెజర్ 140 బార్ దగ్గర కదలకుండా ఉంది. రెండున్నరకి ఆఖరి ఇంజెక్షన్ అయిపోయింది. ఇక కాలమ్, అంటే సన్నటి రేణువులు కూరిన గొట్టం, కడగాలి. కడగడమంటే ఆర్గానిక్ సాల్వెంట్‌తోనే అని నా బుర్రలో పడిపోయి ఉంది, ఎస్‌ఓపీలో చూస్తే ‘తగిన విధంగా వాష్ చేయాలి’ అని ఒక్క ముక్క ఉంది, అంతే, నేరుగా నూరు శాతం అసిటోనైట్రైల్‌కి మార్చేశాను. ముందు ప్రెజర్ కాస్త తగ్గింది కూడా, అది నీళ్లకన్నా పల్చన కాబట్టి, దాంతో నాకు ఇంకా ధైర్యం వచ్చింది. తర్వాత 190 అయింది. ఎందుకా అని చూస్తుండగానే 260. లీకేమోనని కింద వంగి ట్యూబింగ్ తడిమి చూసి లేచేసరికి 400 దాటి అలారం మోగి పంపు ఆగిపోయింది. ఆ కాలమ్ కొని వారం కాలేదు. తెల్లారేదాకా కుర్చీలో కూర్చోలేకపోయాను.

పొద్దున మా మేడమ్ వచ్చి, కేకలెయ్యలేదు, ‘ఏం చేశావో మొదటి నుంచీ చెప్పమ్మా’ అన్నారు. చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా ఒక టెస్ట్ ట్యూబ్ తీసి, మిగిలిన బఫర్ రెండు మిల్లీలీటర్లు పోసి, దాని మీద డ్రాపర్‌తో అసిటోనైట్రైల్ వేస్తూ పోయారు. కాసేపు ఏమీ లేదు. ఇంకా వేస్తుంటే చుక్క పడిన చోట పొగలాంటి తెల్లటి చార కనిపించి మాయమైంది, ఆ తర్వాత చార మాయమవ్వడం మానేసింది, ఇంకొంచెం వేసేసరికి ట్యూబంతా పాలు కలిపినట్టు తెల్లబడింది. ‘రాత్రి కాలమ్‌లో జరిగింది ఇదే. సాల్యుబిలిటీ చదివావు కదా?’ చదివాను. మొదటి ఏడాదిలోనే చదివాను, ఉప్పు నీళ్లలో కరుగుతుంది, పోలారిటీ తక్కువున్న సాల్వెంట్‌లో కరగదని చిన్నపిల్లలకి కూడా చెప్పగలను. కానీ ఆ ఉప్పు 5 మైక్రాన్ల రేణువుల సందుల్లో గడ్డకట్టుకుపోతుందని, ముందు నీళ్లు ఎక్కువున్న మిశ్రమంతో బఫర్‌ని బయటికి పంపేసి ఆ తర్వాతే ఆర్గానిక్‌కి వెళ్లాలని నా చేతికి తెలీదు. 90 శాతం నీళ్లతో, నిమిషానికి 0.2 మిల్లీలీటర్ల చొప్పున ఆ రోజంతా కడిగాం. ప్రెజర్ 160కి దిగింది. పీక్ మాత్రం రెండుగా చీలి వచ్చింది. కాలమ్ పారెయ్యాల్సి వచ్చింది, డివియేషన్ రిపోర్ట్ (ఎక్కడ తప్పు జరిగిందో రాసేది) నా చేతే రాయించారు.

ఆ టెస్ట్ ట్యూబ్ డిగ్రీలో ఎవరైనా చూపించి ఉంటే ఐదు నిమిషాల పని. నేను ఇంతగా పట్టుకు కూర్చోవడానికి కారణం అదే. ప్రోగ్రామింగ్ చదివేవాళ్లకి కాలేజీ సరిగ్గా చెప్పకపోయినా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని రాత్రంతా తప్పులు చేసుకోవచ్చు. కెమిస్ట్రీకి ఆ దారి లేదు. హెచ్‌పీఎల్‌సీ ఇంట్లో పెట్టుకోలేం, అసిటోనైట్రైల్ సీసా వంటింట్లో దాచుకోలేం, ఎన్‌ఎంఆర్ లాంటి పెద్ద మెషీన్ సంగతి చెప్పక్కర్లేదు. థియరీ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. మరి ఫీజుతో మనం కొంటున్నది ఏమిటంటే ఆ మెషీన్ల దగ్గర నిలబడే గంటలు. అవే ఇవ్వకపోతే ఎంత తక్కువ ఫీజయినా ఎక్కువే.

పూర్తిగా చెడ్డగా చెప్పడం కూడా న్యాయం కాదు. టైట్రేషన్లు మాత్రం మా చేత చచ్చేలా చేయించారు. పర్మాంగనేట్ లేత గులాబీ రంగు ముప్పై సెకన్లు నిలిస్తేనే ఎండ్ పాయింట్, నిలవకపోతే మళ్లీ మొదటి నుంచి, మూడు రీడింగులు కలవకపోతే ఇంటికి పంపేవారు కాదు. వచ్చిన అంకెని వచ్చినట్టే రాయాలన్నది నాకు అక్కడే అలవాటైంది, క్యూసీలో నిలబడ్డది దాని వల్లే. ఇప్పుడు ఆ పనిలో చాలావరకు ఆటోటైట్రేటర్లు చేస్తున్నాయి, అయినా ఆ అలవాటు పోలేదు.

ఇంకో మాట వెనక్కి తీసుకోవాలి. ‘కెమిస్ట్రీ చదివినవాళ్లు ఖాళీగా ఉండరు’ అని నేను చాలామందికి చెప్పాను. ఉండరు, నిజమే. కానీ ఒక్క డిగ్రీతో దొరికేది ఎక్కువగా షిఫ్ట్ ఉద్యోగం, రెండు మూడేళ్లకి ఎదుగుదల అక్కడే ఆగుతుంది. మెథడ్ డెవలప్‌మెంట్‌లోకి (కొత్త పరీక్షా పద్ధతులు తయారుచేసే పనిలోకి) రావడానికి నేను సెలవులూ రాత్రులూ ధారపోసి మాస్టర్స్ చేశాను. రీసెర్చ్ నడపాలంటే పీహెచ్‌డీ, అంటే ఇంకో మూడు నుంచి ఆరేళ్లు. కాబట్టి ఖర్చు లెక్క వేసేటప్పుడు ఫీజు ఒక్కటే చూస్తే సరిపోదు, సంపాదించకుండా గడిపే ఏళ్లు కూడా కలపాలి, మధ్యాహ్నాలన్నీ ల్యాబ్‌కే పోతాయి కాబట్టి పార్ట్‌టైమ్ చేసుకునే వీలు కూడా తక్కువ. పైగా మన పని మన చేతిలో మాత్రమే ఉండదు. 2008 చివర్లో మాంద్యం వచ్చి కార్లకీ వస్తువులకీ గిరాకీ పడిపోతే వాటి ప్లాస్టిక్‌ల ముడిసరుకైన అక్రిలోనైట్రైల్ తయారీ తగ్గింది, దాని బై ప్రొడక్టే అసిటోనైట్రైల్, దాంతో 2009లో ప్రపంచమంతా ల్యాబుల్లో దానికి కరువొచ్చింది. కార్లు అమ్ముడుపోకపోతే మన బెంచ్ మీద సాల్వెంట్ ఉండదని ఆ సంగతి చదివాకే నాకు అర్థమైంది.

నా వరకైతే లాభమే అంటాను, కానీ నా పరిస్థితి వేరు. ఫీజు చాలావరకు స్కాలర్‌షిప్‌తో గడిచిపోయింది, తీర్చాల్సిన అప్పు లేదు, మొదటి నాలుగేళ్లు నైట్ షిఫ్టులు చెయ్యడానికి ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు, కాలమ్ పాడుచేసినా తీసెయ్యని మేడమ్ దొరికారు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఈ సమీక్ష ఇంకోలా ఉండేది. పెద్ద అప్పు చేసి, డిగ్రీతోనే ఆగిపోవాలనుకునేవాళ్లకి చేరమని నేను చెప్పలేను. మాస్టర్స్ దాకా వెళ్లే ఓపిక ఉండి, మెషీన్ విప్పి చూడాలనే ఆశ ఉన్నవాళ్లని ఆపనూలేను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా పిన్ని కూతురు. కెమిస్ట్రీ తీసుకుంటానంటోంది, ఏ కాలేజీ మంచిదక్కా అని అడిగింది. బిల్డింగులు చూడొద్దు, హెచ్‌పీఎల్‌సీ పక్కన ఒక లాగ్‌బుక్ ఉంటుంది, ఎవరు ఎప్పుడు వాడారో అందులో రాస్తారు, అది చూపించమని అడుగు, అందులో స్టూడెంట్ల పేర్లు ఉన్నాయో లేదో చూడు అని చెప్పాను. మొదటి కాలేజీలో చివరి ఎంట్రీ రెండేళ్ల కిందటిదట, సర్వీస్ ఇంజినీర్ సంతకం. రెండో కాలేజీలో ఫీజు బాగా ఎక్కువ, ఆ తేడాకి అప్పు చెయ్యాలా వద్దా అని ఇంట్లో ఇంకా తేల్చుకోలేదు. కానీ అక్కడి లాగ్‌బుక్ పేజీ ఒకటి అడిగి ఫొటో తీసి పంపింది. పేజీ నిండా పేర్లు, కొట్టివేతలు, మధ్యలో ఎర్ర పెన్నుతో ‘ప్రెజర్ హై, బఫర్ సాల్ట్, నీళ్లతో వాష్ చేశాం’ అని ఉంది, దాని ఎదురుగా సంతకం, సెకండ్ ఇయర్ స్టూడెంట్‌ది.