పెర్నిల్‌కి ఏ ముక్క: చర్మంతో ఉన్న పిక్నిక్కా, బోస్టన్ బట్టా?

ప్యూర్టోరికోలో క్రిస్మస్‌కి పెర్నిల్ అంటే చర్మం, ఎముకతో ఓవెన్‌లో కాల్చే పంది భుజమే. ఎక్కువగా వాడేది భుజం కింది భాగం, పిక్నిక్. బోస్టన్ బట్ పై భాగం. చర్మం ఉండదు, కండ మధ్య కొవ్వు ఎక్కువ, కాబట్టి ఎండిపోయే భయం తక్కువ.

మసాలా రెండిటికీ ఒకటే. 4 కిలోలకు 15 వెల్లుల్లి రెబ్బలు, 50 గ్రాముల ఉప్పు, ఒరేగానో, మిరియాలు, ఆలివ్ నూనె, కాస్త వెనిగర్ కలిపి నూరాలి. కత్తితో రెండంగుళాల లోతు గాట్లు పొడిచి లోపలికి కూరి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి.

పిక్నిక్‌తో చిక్కంతా చర్మం దగ్గరే. దాని మీద మసాలా పడితే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది, తడికి చర్మం తోలులా సాగుతుంది. అందుకే చర్మం ఎత్తి కిందే పూయండి. పైన తడి తుడిచి ఉప్పు మాత్రం రాయండి. ఫాయిల్ కప్పి 150 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో సుమారు 5 గంటలు కాల్చండి. మాంసం లోపల 90 డిగ్రీలు చేరాక ఫాయిల్ తీసి 220లో 20-30 నిమిషాలు. చర్మం బుడగలు లేచి, చెంచాతో కొడితే టకటకమనాలి.

బట్‌కి ఈ తంటా లేదు. 2.5 కిలోల ముక్క సుమారు 4 గంటల్లో ఫోర్కుకే విడిపోతుంది. కానీ కుయెరిటో అనే ఆ కరకరలాడే చర్మం లేకపోతే, గాండూలెస్ అన్నం పక్కన (గాండూలెస్ అంటే మన కందులే) పళ్ళెం వెలితిగా ఉంటుంది. మొదటిసారైనా సరే, పిక్నిక్కే తీసుకోండి.