వ్యానెక్కిన బైకు

కొండదారుల్లో నాలుగు రోజులు బైకు నడపాలని నేనూ తమ్ముడూ ఎప్పటినుంచో అనుకుంటున్నాం. అక్కడికి 600 కిలోమీటర్లు. అంత దూరం పెద్ద రోడ్డు మీద నడిపి, తీరా కొండలు మొదలయ్యేసరికి అలసిపోయి ఉండటం ఇష్టం లేక బైకును వ్యానులో తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాం. వెళ్లేటప్పుడు ఒక రవాణా సంస్థకు అప్పగించాం. వచ్చేటప్పుడు వ్యాను అద్దెకు తీసుకుని మేమే ఎక్కించి కట్టుకున్నాం. ఆ రెండు అనుభవాల గురించే ఇక్కడ రాస్తున్నాను. కొండల సంగతి ఇందులో పెద్దగా ఉండదు.

సంస్థవాళ్లు సమయానికే వచ్చారు, మర్యాదగా మాట్లాడారు, ట్యాంకుకు దుప్పటి చుట్టారు. కట్టేటప్పుడు దగ్గరుంటామని అడిగితే మాత్రం, గోదాములో కడతాం, అక్కడికి బయటివాళ్లను రానివ్వరు అన్నారు. నేను అక్కడే వద్దనాల్సింది. మూడో రోజు వ్యాను తలుపు తీసేసరికి బైకు సైడ్ స్టాండు మీద ఒరిగి ఉంది. హ్యాండిల్ రెండు చివరలకూ తాళ్లు కట్టి పక్కలకు లాగారు. ఒక తాడు వదులైపోయి వేలాడుతోంది. దించి చూస్తే హ్యాండిల్ తన క్లాంపులో కొద్దిగా తిరిగిపోయింది, సైడ్ స్టాండు బిగించిన చోట ఇనుము వంగింది. తాడు ఒరుసుకున్న చోట ట్యాంకు మీద అరచేయంత మేర మెరుపు పోయింది. తాడుకూ రంగుకూ మధ్య దుమ్ము చేరితే అది గరుకు కాగితంలా పనిచేస్తుంది. దుప్పటి ఎప్పుడో జారిపోయింది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కట్టే పద్ధతే తప్పు. సైడ్ స్టాండు ఆగి ఉన్న బండి బరువు మోయడానికి ఉన్నది. కదిలే వ్యానులో దాని మీద బండిని నిలిపి తాళ్లు బిగిస్తే, గుంత వచ్చిన ప్రతిసారీ బండి స్ప్రింగులు (సస్పెన్షన్) కిందికి దిగి తాడు క్షణం పాటు వదులవుతుంది, వెంటనే బరువంతా సైడ్ స్టాండును బిగించిన ఆ ఒక్క బోల్టు మీద పడుతుంది. 600 కిలోమీటర్లలో అలా ఎన్నిసార్లు పడి ఉంటుందో!

అందుకే తిరుగు ప్రయాణానికి వ్యాను వెతికేటప్పుడు ముందుగా నేల చూశాం. మొదట చూపించిన వ్యాను కొత్తది, శుభ్రంగా ఉంది, కానీ నేలకు కట్టుకోవడానికి ఒక్క కొక్కెం లేదు. సీటు కాళ్లకు కట్టుకోవచ్చు అన్నాడు యజమాని. అది మంచి సలహా కాదు. రెండోది పాతదే అయినా చాసిస్‌కు బోల్టులతో బిగించిన ఇనుప రింగులు ఆరు ఉన్నాయి. ముందు గోడ గట్టి రేకుతో ఉంది. అదే తీసుకున్నాం.

మా బైకు 180 కిలోలు. సరుకు కట్టడానికి అమెరికా, యూరప్ నిబంధనల్లో ఒక లెక్క ఉంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువులో 0.8 వంతు ముందుకు, మలుపుల్లో 0.5 వంతు పక్కకు తోస్తుందని భావించి కట్టాలి. అంటే మా బైకు 144 కిలోల బలంతో ముందుకు, 90 కిలోల బలంతో పక్కకు వెళ్లాలని చూస్తుంది. ఆ బలాన్ని కట్టే పట్టీలు ఆపగలగాలి. పట్టీ మీద రెండు బరువు అంకెలు ఉంటే చిన్నదాన్నే నమ్మాలి. పెద్దది తెగే బరువు, చిన్నది పని బరువు, అంటే భద్రంగా మోయగలిగేది. నాలుగు పట్టీలు కొన్నాం, రెండు రాట్చెట్‌వి (మీట ఆడిస్తే క్లిక్కు క్లిక్కుగా బిగిసేవి), రెండు మామూలు బకిల్‌వి. కొక్కేలు లోహానికి నేరుగా తగలకుండా నాలుగు మెత్తటి లూపులు కూడా తీసుకున్నాం.

ఎక్కించడం అనుకున్నంత కష్టం కాలేదు. వ్యాను నేల 60 సెంటీమీటర్ల ఎత్తు. 1.8 మీటర్ల ర్యాంపు అయితే దాదాపు 20 డిగ్రీల వాలు, 2.4 మీటర్లదైతే 15 లోపే. పొడవుదే తీసుకున్నాం. ర్యాంపు పై అంచును వ్యానుకు పట్టీతో కట్టేశాం. లేకపోతే వెనక చక్రం ఎక్కుతున్న క్షణంలో అది వెనక్కి తన్నుకుపోతుంది. అద్దాలు ముందే విప్పేశాం. తమ్ముడు వెనకనుంచి తోస్తుంటే నేను పక్కన నడుస్తూ పైకి తెచ్చాను.

ఇక కట్టడం. ముందు చక్రం తిన్నగా ముందు గోడకు ఆనాలి. మొదటి రెండు పట్టీలను హ్యాండిల్‌కు కాకుండా, ఫోర్కు గొట్టాలు (ముందు చక్రాన్ని పట్టుకుని, లోపల స్ప్రింగుతో కిందికి అణిగే గొట్టాలు) రెండింటినీ పట్టి ఉంచే కింది క్లాంపుకు లూపు వేసి కట్టాం. అక్కడినుంచి చెరో వైపుకూ, కొంచెం ముందుకూ, నేలతో 45 డిగ్రీల వాలులో లాగాం. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వెళ్తే బండి ఒరుగుతుంది. అందుకని ఎడమ రెండు క్లిక్కులు, కుడి రెండు క్లిక్కులు, మళ్లీ ఎడమ. తమ్ముడు బండిని నిటారుగా పట్టుకుని, "చాలు అన్నయ్యా, సగం దిగింది" అన్నాడు. అక్కడ ఆపేశాను. ఫోర్కు సగం దాకా అణిగితే గుంతలో కూడా పట్టీ వదులు కాదు. మొత్తం అణిచేస్తే ఫోర్కులో నూనెను ఆపే సీళ్ల మీద ఒత్తిడి పడి నూనె కారవచ్చు. ఈ ఒక్క కొలతే అన్నిటికన్నా ముఖ్యమని నాకు అనిపించింది.

వెనక రెండు పట్టీలను ఫుట్‌రెస్టు బ్రాకెట్ల దగ్గర ఫ్రేముకు వేసి, వెనక భాగం అటూ ఇటూ జరగకుండా ఓ మాదిరిగా బిగించాం. మొదటి గేరులో పెట్టి సైడ్ స్టాండు మడిచేశాం. పట్టీలు రంగుకు తగిలే చోట మెత్తటి గుడ్డ పెట్టి, మిగిలిన కొసలను ముడివేశాం. ట్యాంకులో పెట్రోలు కొద్దిగానే ఉంచాం. మూసి ఉన్న వ్యానులో ఆ ఆవిరి ప్రమాదం కాబట్టి కిటికీ కాస్త తెరిచే ఉంచాం.

20 కిలోమీటర్లు వెళ్లాక ఆగి చూస్తే కుడి ముందు పట్టీ ఒక క్లిక్కు వదులైంది. కొత్త పట్టీ మొదట్లో కొంచెం సాగుతుంది, ముడులు సర్దుకుంటాయి. బిగించాక మళ్లీ కదలలేదు. ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా చేత్తో తట్టి చూశాం.

మధ్యలో ఒక రాత్రి బస చేయాల్సి వచ్చింది. మొదటి లాడ్జిలో గదులు బాగున్నా వాహనాలు రోడ్డు మీదే పెట్టుకోవాలి. వద్దనుకుని మరో 30 కిలోమీటర్లు వెళ్లాం. రెండో చోట గది ఇరుకు, నీళ్లు ఆలస్యంగా వచ్చాయి, కానీ లోపల ఆవరణ ఉంది, రాత్రంతా గేటు వేసి ఉంటుంది. వ్యాను వెనక తలుపులు గోడకు ఆనేలా వెనక్కి పెట్టమని కాపలాదారు తానే చెప్పాడు. బండితో వెళ్లేవాళ్లకు గది కన్నా ఆ ఆవరణే ముఖ్యం.

దించేటప్పుడు వెనక పట్టీలు ముందు విప్పాం. ముందు పట్టీలు విప్పేటప్పుడు తమ్ముడు బండిని రెండు చేతులా పట్టుకున్నాడు. వెనక్కి దిగుతున్నప్పుడు బరువంతా వెనక చక్రం మీదకు పోతుంది కాబట్టి ముందు బ్రేకుకు పట్టు దొరకదు. ఇంజిన్ ఆపి, మొదటి గేరులోనే ఉంచి, క్లచ్ కొంచెం కొంచెంగా వదులుతూ దించాను. కింద నిలబెట్టి ఫోర్కు గొట్టాలను వేలితో తుడిచి చూశాను. వేలికి నూనె అంటలేదు.