అమ్మానాన్నలకి డాలస్ టికెట్లు తీస్తున్నారా? "16 గంటల్లో దిగుతారు" అంటే నమ్మకండి

ఇండియా నుంచి పెద్దవాళ్లని రప్పించుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా అమ్మానాన్నలకి హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఒక ట్రావెల్ ఏజెన్సీ టికెట్లు అమ్మింది. "ఒక్కటే స్టాప్, మొత్తం 16 గంటలు" అని వాట్సాప్‌లో పెట్టారు. తీరా ప్రయాణం రోజున శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఇద్దరినీ ఆపేశారు.

ముందు ఆ 16 గంటల సంగతి చెప్తాను. రెండు ఊళ్ల మధ్య గాల్లో దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. గంటకి 900 చొప్పున భాగిస్తే 16 వస్తుంది. దూరాలు చూపించే సైట్లలో కనపడేది ఈ లెక్కే. కానీ హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా వెళ్లే విమానమే లేదు! దుబాయ్ మీదుగా వెళ్తే అక్కడిదాకా సుమారు 2,550, అక్కడినుంచి ఇంకో 12,900 కిలోమీటర్లు. విమానంలో కూర్చునేదే 20 గంటల దాకా ఉంటుంది. మధ్యలో ఆగేది కలిపితే 23, 24 గంటలు మామూలే.

ఇంకో మాట కూడా చెప్తారు: "తెల్లారి నాలుగున్నరకి ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగుకి దిగుతారు" అని. టికెట్ మీద ఉండేది ఏ ఊరి టైము ఆ ఊరిదే. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అంటే అది 22 గంటల ప్రయాణం.

అసలు మోసం వేరే ఉంది. మాకు ఇచ్చింది ఒక టికెట్ కాదు, రెండు. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒక ఎయిర్‌లైన్, అక్కడినుంచి ఇంకో ఎయిర్‌లైన్, వేర్వేరు పీఎన్‌ఆర్‌లు (బుకింగ్ నంబర్లు). సామాను ఫ్రాంక్‌ఫర్ట్‌లో దించుకుని, బయటికి వచ్చి, మళ్లీ చెక్-ఇన్ చెయ్యాలి. బయటికి రావాలంటే షెంగెన్ వీసా (జర్మనీ లాంటి యూరప్ దేశాల్లోకి వెళ్లడానికి ఇచ్చేది) ఉండాలి, అమెరికా వీసా సరిపోదు. అది లేకనే అమ్మానాన్నల్ని శంషాబాద్‌లో ఆపేశారు. ఈ ముక్క అమ్మేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. పైగా ఇలాంటి టికెట్లలో మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కి సంబంధం ఉండదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఆ అర్ధరాత్రి సామానంతా తోసుకుంటూ వెనక్కి రావాల్సి వచ్చింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది.

డబ్బు కట్టకముందే రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉందా, సామాను నేరుగా డాలస్ దాకా చెక్-ఇన్ అవుతుందా. "చూద్దాం లెండి" అన్నారంటే అక్కడ కొనకండి. టికెట్ రాగానే ఆ పీఎన్‌ఆర్‌ని ఎయిర్‌లైన్ సైట్‌లో మీరే వేసి చూసుకోండి. వీల్‌చైర్ పెట్టారో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

వీలైతే ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొనండి. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు కొంటే, అమెరికా నిబంధనల ప్రకారం 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకోవచ్చు, లేదా డబ్బు కట్టకుండా అదే ధరకి 24 గంటలు టికెట్ ఆపి ఉంచుకోవచ్చు; ఈ రెండిట్లో ఏది ఇవ్వాలన్నది ఎయిర్‌లైన్ ఇష్టం. ఏజెన్సీలకి ఈ నిబంధన వర్తించదు. మాకు అమ్మినవాళ్లయితే "నాన్-రిఫండబుల్" అని ఫోన్ పెట్టేశారు. వాట్సాప్ మెసేజ్‌లన్నీ జతచేసి కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాం, జవాబు కోసం చూస్తున్నాం.