వంటసోడా: ఏళ్లుగా వాడాక తేలిన మంచీ చెడూ

వంటసోడా అనండి, తినేసోడా అనండి, బేకింగ్ సోడా అనండి, సరుకు ఒకటే: సోడియం బైకార్బనేట్. గిన్నెలు తోమడం నుంచి గుండెమంట దాకా అన్నింటికీ ఇదే మందని చెప్పేవాళ్లు చాలామంది. విశాఖపట్నం లాంటి ఊళ్లో, అంటే ఉప్పుగాలి, ఉక్కపోత, బోరు నీళ్లు, వారానికి రెండుసార్లు చేపలు ఉండే ఇంట్లో, దీన్ని ఏళ్ల తరబడి వాడాక తేలింది ఒక్కటే. సోడా బలహీనమైన క్షారం. నీళ్లలో కలిపితే పీహెచ్ 8.3 దగ్గర ఉంటుంది. కాబట్టి పులిసిన వాసన, జిడ్డు, టీ మరక మీద బాగా పనిచేస్తుంది. ఇబ్బంది పెడుతున్నదే క్షారమైతే అక్కడ సోడా దండగ, చింతపండో నిమ్మకాయో కావాలి. ఈ తేడా పట్టుకుంటే ఇక చిట్కాలు కంఠస్థం పట్టే పని లేదు.

చేప వాసననే చూడండి. ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరమో రొయ్యలో తెచ్చి శుభ్రం చేశాక కత్తిపీటకీ చేతులకీ పట్టే నీచు వాసనకు కారణం ట్రైమిథైల్ అమీన్. అది క్షారం. దాని మీద సోడా రుద్దితే వాసన పోదు సరికదా, కొన్నిసార్లు ఇంకాస్త లేస్తుంది. నిమ్మచెక్కతో రుద్ది, లేదా చిక్కటి చింతపండు పులుసు పట్టించి ఐదు నిమిషాలు ఉంచి, కడిగి, ఆ తర్వాత సబ్బు వాడాలి. సబ్బు ముందు పెట్టి పులుపు తర్వాత పెడితే ఫలితం సగమే. అదే పాలు విరిగిన గిన్నె, పెరుగు డబ్బా, రాత్రంతా సాంబారు ఉండిపోయిన టిఫిన్ బాక్సు అయితే లెక్క తిరగబడుతుంది. అవి ఆమ్లపు వాసనలు. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా సోడా కలిపి పోసి, అరగంట ఉంచితే పోతాయి. మూత రబ్బరును మాత్రం ఊడదీసి విడిగా నానబెట్టాలి. వాసన ఎక్కువగా దాచుకునేది అదే.

అడుగంటిన స్టీలు గిన్నెకు దీన్ని మించింది నేను చూడలేదు. మాడు మునిగేలా రెండు గ్లాసుల నీళ్లు పోసి, రెండు చెంచాల సోడా వేసి, సన్నని మంట మీద పది నిమిషాలు మరగనివ్వాలి. దించి అరగంట వదిలేస్తే చెక్క గరిటెతో గీకితేనే పెచ్చులుగా లేస్తుంది. చల్లటి నీళ్లలో నానబెడితే ఇలా రాదు. మరిగేటప్పుడు సోడాలోంచి కార్బన్ డయాక్సైడు పోయి, అందులో కొంత బట్టల సోడాగా మారుతుంది, క్షార బలం పెరుగుతుంది. మాడును వదిలించేది ఆ బలమే. గిన్నె సగానికి మించి నింపకండి, పొంగి స్టవ్ మీద పడుతుంది. అల్యూమినియం గిన్నెకూ, అల్యూమినియం కుక్కరుకూ ఈ పద్ధతి వద్దే వద్దు. క్షారం పైపొరను తినేసి నల్లగా చేస్తుంది. ఇప్పటికే నల్లబడిన కుక్కరులో పిండేసిన నిమ్మచెక్కలు నాలుగు వేసి నీళ్లు మరగబెడితే నలుపు విరుగుతుంది.

చిమ్నీ ఫిల్టరు దగ్గర చాలామంది పొరబడేది కూడా ఇక్కడే. పలకలుగా ఉండే స్టీలు ఫిల్టరైతే ఐదు లీటర్ల మరిగే నీళ్లు, పన్నెండు చెంచాల సోడా, కాస్త గిన్నెల సబ్బు ద్రవం కలిపి ఇరవై నిమిషాలు ముంచితే జిడ్డు కరిగి పోతుంది. జాలీలా ఉండేవి సాధారణంగా అల్యూమినియంవి. వాటికి సబ్బు నీళ్లే మేలు. టీ ఫ్లాస్కు, స్టీలు నీళ్ల సీసాల లోపలి గోధుమరంగు పొరకు లీటరు వేడినీళ్లకు ఒక చెంచా చాలు. మూత బిగించకండి, లోపల గ్యాసు పేరుకుని తీసేటప్పుడు ఎగజిమ్ముతుంది.

బోరు నీళ్ల వల్ల కుళాయిలకూ షవర్ చిల్లులకూ కట్టే తెల్లటి గార మీద సోడా రుద్దడం ఒట్టి చేతి నొప్పి. గార అంటే ప్రధానంగా కాల్షియం కార్బనేట్. దాన్ని కరిగించేది ఆమ్లమే. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి అరగంట ఉంచండి. పాలరాయి గట్టు మీద మాత్రం ఆ నీళ్లు పడనివ్వకండి, మెరుపు పోతుంది.

సోడా, వెనిగర్ కలిపి సింకులో పోసే చిట్కా గురించి కచ్చితంగా చెప్పాలి. నురగ చూడముచ్చటగా ఉంటుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని, మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన ఉప్పునీళ్లే. జుట్టు, గట్టిపడ్డ నెయ్యి అలాగే ఉంటాయి. సింకు వాసన పోవాలంటే రెండు చెంచాల సోడా చల్లి, పావుగంట ఆగి, బాగా వేడిగా ఉన్న నీళ్లు పోయండి. సలసల కాగేవి వద్దు, పీవీసీ గొట్టం మెత్తబడి అతుకులు వదులుతాయి. పూడిక తీయడానికి రబ్బరు పంపే దారి.

పసుపు మరక మీద సోడా వేస్తే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చినట్టే ఇదీను. భయపడి ఇంకా రుద్దకుండా నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది, అప్పుడు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. పసుపు మరకను చివరికి తీసేది ఎండే. పట్టు, ఉన్ని బట్టలకు సోడా తగలనివ్వకపోవడం మంచిది.

ఇత్తడి, రాగి చెంబులకు పాతకాలపు చింతపండూ ఉప్పే సరి, సోడాతో పొర వదలదు. వెండికి మాత్రం సోడా అద్భుతం. కుందులు, పట్టీలు, హారతి పళ్లెం నల్లబడేది వెండి సల్ఫైడు వల్ల. లోతైన పింగాణీ గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వెండి వస్తువు ఆ రేకుకు తగిలేలా పెట్టి, మూడు చెంచాల సోడా, ఒక చెంచా ఉప్పు చల్లి, లీటరు మరిగే నీళ్లు పోయండి. కుళ్లిన గుడ్డు వాసన సన్నగా వస్తే పని జరుగుతున్నట్టు. మూడు నాలుగు నిమిషాల్లో నలుపు రేకు వైపు పోయి వెండి బయటపడుతుంది. పొడులతో తోమితే ప్రతిసారీ కాస్త వెండి అరుగుతుంది, ఇందులో అరగదు. రాళ్లు, ముత్యాలు పొదిగినవి, మీనా పనివి, కావాలని నలుపు పెట్టించిన నగలు ఇందులో ముంచకండి. అటువంటివి కురుపాం మార్కెట్లో పనివాడికి ఇవ్వడమే క్షేమం. మువ్వల పట్టీలను దులిపి, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టకపోతే మువ్వల లోపల తడి నిలుస్తుంది.

ఫ్రిజ్‌లో గిన్నెడు సోడా పెట్టడం అంత గొప్ప ఉపాయం కాదు. పైపొర గాలి తగిలినంత మేరే పనిచేస్తుంది. పెడితే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, రెండు నెలలకోసారి మార్చండి. వానాకాలంలో బీరువాలకు పట్టే ముక్కిపోయిన వాసన, బూజుకు సోడా చాలదు. అక్కడ పీల్చాల్సింది తేమ. కాల్షియం క్లోరైడ్ సంచులు తెచ్చి పెట్టుకోండి.

ఇక వంట. పావుకిలో శనగపిండి బజ్జీలకు పావు చెంచా, అంటే గ్రాము పైచిలుకు, అదే గరిష్ఠం. పిండిలో పసుపు వేసి ఉంటే అదే కొలబద్ద అవుతుంది: రంగు ఎర్రటి ఛాయకు తిరిగిందా, సోడా ఎక్కువైనట్టే. అలాంటి పిండి నూనె తాగుతుంది, సబ్బు రుచి వస్తుంది. రెండు చెంచాల పుల్ల మజ్జిగ కలిపితే కొంత సర్దుకుంటుంది. ఎండాకాలంలో పులిసిన ఇడ్లీ పిండితో పునుగులు వేసేటప్పుడు లీటరు పిండికి పావు చెంచా, అదీ నూనె కాగాకే కలపాలి. ముందే కలిపి పెడితే గ్యాసంతా గిన్నెలోనే పోతుంది. ఈనోలో సోడాతో పాటు నిమ్మ ఉప్పు కూడా ఉంటుంది కనుక పులియని పిండికి అది నప్పుతుంది, పులిసిన పిండికి ఉత్త సోడా చాలు.

శనగలు ఉడకకపోతే పావుకిలోకి పావు చెంచా సోడా నానబోసే నీళ్లలో వేసి, ఉడికించే ముందు ఆ నీళ్లు పారబోసి కడగండి. గట్టి నీళ్లలోని కాల్షియం గింజ తొక్కను బిగిస్తుంది, సోడా దాన్ని వదులు చేస్తుంది. అందుకు మూల్యం బి1 విటమిన్, అది క్షారంలో నశిస్తుంది. రోజూ వండే కందిపప్పులో సోడా వేసే అలవాటు మానుకోవాలి. పప్పు మెత్తబడ్డాకే చింతపండు వేస్తే చాలు. పులుపు ముందే పడితే పప్పు బిర్రబిగుసుకుంటుంది.

రైతుబజారు కూరగాయలు, ద్రాక్ష, ఆపిల్ కడగడానికి లీటరు నీళ్లకు 10 గ్రాములు, అంటే రెండు చెంచాలు. 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆపిళ్ల మీద ఇదే గాఢతతో పరీక్షించారు. థయాబెండజోల్ అనే తెగులు మందు పైపొర నుంచి పోవడానికి 12 నిమిషాలు, ఫాస్మెట్ అనే పురుగుమందు పోవడానికి 15 నిమిషాలు పట్టింది. తొక్కలోకి ఇంకినదాన్ని సోడా తీయలేకపోయింది. కాబట్టి రెండు నిమిషాలు ముంచి తీయడం కంటితుడుపే. పావుగంట నానబెట్టి, మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి.

ఆరోగ్యం సంగతికి వచ్చేసరికి చేయి వెనక్కి లాగాలి. గుండెమంటకు సోడా పనిచేస్తుంది, నిజం. పెద్దవాళ్లకు తలకొట్టిన అర చెంచా, అర గ్లాసు నీళ్లలో ఒక్క రేణువు మిగలకుండా కరిగించి, నెమ్మదిగా తాగాలి. ఆ అర చెంచాలో 600 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన హద్దు 2000. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకూ గర్భిణులకూ ఇది పనికిరాదు, ఐదేళ్లలోపు పిల్లలకు అసలు పట్టకూడదు. పెళ్లి భోజనం చేసి కడుపు బిర్రుగా ఉన్నప్పుడు తాగడం ప్రమాదకరం. ఆ అర చెంచా పూర్తిగా ఆమ్లంతో కలిస్తే అర లీటరు పైనే గ్యాసు పుడుతుంది. నిండిన కడుపులో అది చోటు లేక జీర్ణాశయం చిరిగిన కేసులు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు, ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి. వారానికి రెండు మూడుసార్లు సోడా అవసరం పడుతోందంటే అది డాక్టరు చూడాల్సిన జబ్బు. మంటతో పాటు ఎడమచేయి లాగడం, చెమటలు పట్టడం ఉంటే సోడా కలుపుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు బంధువులున్న ఇళ్లలో, కిడ్నీ రోగులకు డాక్టర్లు సోడియం బైకార్బనేట్ మాత్రలు రాయడం చూసి, ఇంట్లో సోడా కలిపి ఇస్తే సరిపోతుందనుకుంటారు. ఆ మోతాదు రక్తపరీక్ష చూసి కట్టేది. చెంచా లెక్కన ఇస్తే ఒంట్లో నీరు చేరి, ఆయాసం వచ్చే ప్రమాదం ఉంది. సోడా క్యాన్సర్‌ను నయం చేస్తుందన్న మాట అబద్ధం. రక్తం పీహెచ్‌ను 7.35, 7.45 మధ్య ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ కాపాడతాయి, మనం తాగే నీళ్లతో అది మారదు.

నోటి పూతకు పుక్కిలించడానికి మాత్రం మంచిది. కప్పు గోరువెచ్చటి నీళ్లలో పావు చెంచా సోడా, అందులో సగం ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మేయాలి. పళ్లకు వారంలో ఒకటి రెండుసార్లు తడి బ్రష్ మీద చిటికెడు చాలు. సోడా ఎనామిల్ కన్నా చాలా మెత్తన, గీతలు పెట్టదు. అయితే ఇందులో ఫ్లోరైడ్ లేదు కాబట్టి పేస్టు మానకూడదు. నిమ్మరసం కలిపి తోమడం పళ్లకు చేటు. ముఖానికి, తలకు, చెమటకాయలకు సోడా ముద్ద పట్టించకండి. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, సోడా ఆ పొరను చెడగొట్టి ఎండగొడుతుంది. చంకల్లో పూసుకుంటే కొందరికి ఎర్రగా కందిపోతుంది.

మిద్దె మీద బీర, బెండ పాదులకు బూడిద తెగులు కనిపించగానే లీటరు నీళ్లకు ఒక చెంచా, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పిచికారీ చేయవచ్చు. ముదిరాక పనిచేయదు. పదేపదే కొడితే సోడియం పేరుకుని ఆకులు మాడతాయి.

కొనేటప్పుడు పూర్ణా మార్కెట్లో విడిగా కట్టే పొట్లం కంటే ముద్ర ఉన్న ప్యాకెట్ తీసుకోండి. బట్టల సోడా, తినేసోడా రెండూ తెల్లగానే ఉంటాయి. లేబుల్ మీద 500(ii) అని ఉంటే తినేసోడా, 500(i) అంటే సోడియం కార్బనేట్, బట్టల సోడా అదే. విశాఖ గాలికి ప్యాకెట్ విప్పిన వారానికే గడ్డకడుతుంది, అందుకని విప్పగానే రబ్బరు మూత గాజు సీసాలోకి మార్చి, స్టవ్‌కు దూరంగా పెట్టాలి. తడి చెంచా ముంచకండి. గడ్డకట్టినంత మాత్రాన చెడినట్టు కాదు. ఒక చెంచా నిమ్మరసంలో చిటికెడు వేసి చూడండి, బుసబుస పొంగితే వంటకు పనికొస్తుంది. నీరసంగా నాలుగు బుడగలే వస్తే దాన్ని గిన్నెల మాడుకు ఉంచుకుని, వంటకు కొత్తది తెచ్చుకోండి.