బుల్లెట్ ట్యాంకులో తుప్పుకు పోర్-15 కిట్: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ చెడుతుంది

పాత బండ్ల పెట్రోల్ ట్యాంకు లోపల తుప్పు పట్టినప్పుడు వాడే కిట్లలో పోర్-15 మోటార్‌సైకిల్ కిట్‌కు మంచి పేరుంది. ఆ పేరు న్యాయమైనదే. అయితే కొన్నవాళ్ల చూపంతా అందులోని వెండిరంగు సీలర్ (ట్యాంకు లోపల పట్టించే పూత) డబ్బా మీదే ఉంటుంది. ఫలితం తేలేది మాత్రం ఆ డబ్బా మూత తీయకముందే. సీలర్ పొరలుగా ఊడి వచ్చిందంటే, దాదాపు ప్రతిసారీ కింద జిడ్డో తేమో వదులు తుప్పో మిగిలిపోయి ఉంటుంది.

కిట్‌లో ప్రధానంగా మూడు సరుకులు: జిడ్డు వదిలించడానికి నీటిలో కలిపి వాడే డీగ్రీజర్, రేకును పూతకు సిద్ధం చేసే ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మెటల్ ప్రెప్, తర్వాత సీలర్. సీలర్ అర పైంటు, అంటే సుమారు 236 మిల్లీలీటర్లు ఉంటుంది. 14.5 లీటర్ల బుల్లెట్ ట్యాంకుకు అది సరిపోగా ఇంకా మిగులుతుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది, మీ ట్యాంకుకు సీలర్ అవసరమా లేదా అని. కార్బురేటర్లో పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలో గోధుమరంగు పొడి దిగుతూ, అందులోని సన్నని రంధ్రం పైలట్ జెట్ మూసుకుపోయి బండి ఐడిలింగ్‌లో నిలవకపోతే ట్యాంకులో తుప్పు ఉన్నట్టే. కానీ టార్చి వేసి చూస్తే పైపై పొర మాత్రమే కనిపించి, రేకు గట్టిగా ఉంటే తుప్పు తీసి, ఆరబెట్టి, పెట్రోల్ నిండుగా ఉంచుకుంటే చాలు. ఈ సీలర్ ఒకసారి గట్టిపడితే మామూలు థిన్నర్‌కు కరగదు. తీయాలంటే ఘాటైన పెయింట్ రిమూవర్‌తో రోజుల తరబడి కుస్తీ పట్టాలి. అందుకే లోతుగా గుంటలు పడిన ట్యాంకుకు, అతుకుల దగ్గర చెమ్మగిల్లుతున్న ట్యాంకుకు మాత్రమే దీన్ని వాడమని సలహా.

ఆ గుంటలు పడేది ఎక్కడో కూడా తెలుసుకోవాలి. నీళ్లు పెట్రోల్ కంటే బరువు కాబట్టి అడుక్కు చేరతాయి. బండి నెలల తరబడి ఎడమ వైపు సైడ్ స్టాండు మీద వాలి ఉంటే, ట్యాంకు అడుగున బండి ఫ్రేము ఇమిడే మధ్య సొరంగానికి ఎడమ పక్కన ఉన్న పల్లంలో నిలుస్తాయి. ఈ-20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వచ్చాక ఈ బెడద పెరిగింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మోతాదు మించితే ఆ నీటితో కలిసి విడిపోయి అడుగున కూర్చుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో సగం ఖాళీ ట్యాంకుతో బండిని వానాకాలమంతా నిలబెట్టడం అన్నిటికన్నా చెడ్డది.

ఇక పని. మెటల్ ప్రెప్ పలుచటి తుప్పును బాగానే మారుస్తుంది గానీ పెచ్చులు కట్టిన తుప్పును తీయలేదు. కిట్ మీద నమ్మకంతో ఈ సంగతి మరిచిపోయేవాళ్లు ఎక్కువ. కాబట్టి కిట్ తెరవకముందే పెచ్చులు రాలగొట్టాలి. పెట్రోల్ పూర్తిగా తీసేసి, సబ్బు నీళ్లతో వాసన పోయేదాకా కడిగి, కాక్ (ట్యాంకు అడుగున ఉండే పెట్రోల్ కుళాయి) విప్పి ఆ రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూయండి. గుప్పెడు చిన్న నట్లు లెక్కపెట్టి వేసి, ట్యాంకును దుప్పట్లో చుట్టి అటూ ఇటూ దొర్లించండి. కంకర వేయొద్దు, అది అతుకుల సందుల్లో ఇరుక్కుంటుంది. వేసిన నట్లన్నీ బయటికి వచ్చాయో లేదో మళ్లీ లెక్క చూసుకోవాలి.

దాని తర్వాత నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. లీటరు గోరువెచ్చని నీటికి 50 నుంచి 100 గ్రాములు. బుల్లెట్ ట్యాంకు నిండాలంటే ముప్పావు కిలో నుంచి కిలోన్నర దాకా పడుతుంది. మెడ (పెట్రోల్ పోసే మూతి) దాకా నింపాలి, సగం పోస్తే పై భాగం అలాగే ఉండిపోతుంది. సుమారు ఒక పగలూ రాత్రీ ఉంచితే చాలు. మరీ ఎక్కువ ఉంచితే ఆమ్లం మంచి ఇనుమును తినడం మొదలుపెడుతుంది. ద్రావణం పారబోశాక వంట సోడా కలిపిన నీటితో కడగండి. చాలామంది వాడే టాయిలెట్ క్లీనర్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది తుప్పును వేగంగా తీస్తుంది, అతుకుల్లో మిగిలిపోయి అంతే వేగంగా కొత్త తుప్పు పట్టిస్తుంది. దాన్ని దూరం పెట్టడమే మంచిది.

అసలు రంగు ఉన్న ట్యాంకైతే ఇదంతా మొదలుపెట్టకముందే బయట మొత్తం ప్లాస్టిక్ షీటు చుట్టి, మెడ చుట్టూ టేపు వేయాలి. మద్రాసు ఫ్యాక్టరీలో కుంచె పట్టి చేత్తో గీసిన బంగారు గీతలు మళ్లీ దొరకవు. కొత్త ట్యాంకు మార్కెట్లో దొరికినా పాతదాన్ని బతికించుకోవడానికి ఇంత శ్రమ పడేది ఆ గీతల కోసమే.

ఇప్పుడు కిట్ తెరవొచ్చు. డీగ్రీజర్‌లో అంతే కొలత వేడినీళ్లు కలిపి పోసి, ప్రతి వైపూ సుమారు 20 నిమిషాలు నానేలా తిప్పుతూ ఉండండి. ఆయిల్ కలిపిన పెట్రోల్ తాగే యెజ్డీ, రాజ్‌దూత్ ట్యాంకులకు ఒక్కసారి చాలదు. టూ-స్ట్రోక్ ఆయిల్ పొర కింద ఆమ్లం పని చేయదు కాబట్టి ఆ బండ్లకు నిమ్మ ఉప్పు కంటే ముందు కూడా జిడ్డు వదిలించాలి. లోపల నీళ్లు చుక్కలుగా విడిపోకుండా పలుచటి పొరలా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు.

మెటల్ ప్రెప్‌తో ప్రతి వైపునూ 20 నుంచి 30 నిమిషాలు తడిపి ఉంచాలి, మధ్యలో ఆరనివ్వకూడదు. ఇది ఇనుము మీద జింక్ ఫాస్ఫేట్ పొరను వదులుతుంది. సీలర్ పట్టుకునేది దీన్నే. తర్వాత నీటితో బాగా కడగాలి. బూడిదరంగు పొర, అక్కడక్కడా తెల్లటి మచ్చ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

అందరూ తొందరపడేది ఆరబెట్టడంలో. ఈ సీలర్ తేమతో గట్టిపడే రకం. గాలిలో ఉండే కొద్దిపాటి తేమ దానికి చాలు. లోపల నీటి చుక్క మిగిలితే అక్కడ వాయువు పుట్టి పూత బుడగలు పొంగుతుంది, ఆ బుడగల కిందే రేపటి తుప్పు. పై రేకు ఎంత వేడెక్కినా అతుకుల మడతల్లో నీళ్లు దాక్కునే ఉంటాయి. మూత మెడలోంచి హెయిర్ డ్రైయర్‌తో వేడి గాలి పంపుతూ, కాక్ రంధ్రం తెరిచి ఉంచి, గంటా రెండు గంటలు ట్యాంకును రకరకాలుగా వాలుస్తూ ఆరబెట్టండి. పెట్రోల్ వాసన ఏమాత్రం ఉన్నా డ్రైయర్ దగ్గరికి తేవద్దు, దాని తీగ ఎర్రబడితే ఆవిరి అంటుకుంటుంది. ట్యాంకు వేడిగా ఉండగానే మెడ మీద చిన్న అద్దం ముక్క పెట్టి చూడండి. అద్దం మసకబారితే ఇంకా తేమ ఉన్నట్టే. ఈ పనికి వేసవి అనువైనది. వానాకాలంలో మొదలుపెట్టకపోవడమే మేలు.

సీలర్ పోయకముందు ట్యాంకు మామూలు వేడికి చల్లారాలి. డబ్బాను ఊపొద్దు, గాలి బుడగలు చేరతాయి. పుల్లతో నెమ్మదిగా కలపండి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, చర్మానికి అంటి ఎండితే రోజుల తరబడి పోదు. ఇందులో ఊపిరికి హాని చేసే ఐసోసైనేట్లనే రసాయనాలు ఉంటాయి కాబట్టి ఆరుబయట చేయాలి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. మొత్తం పోసి, సొరంగం రెండు పక్కల మూలలు, మెడ చుట్టూ ఉన్న పైకప్పు తడిసేలా తిప్పండి. ఆపైన మిగులును వంచేయడంలోనే ఓపిక చూపించాలి. కనీసం అరగంట, దిశ మారుస్తూ. ఎక్కడైనా మడుగు కట్టిందంటే పైన పొర గట్టిపడి లోపల పచ్చిగానే ఉంటుంది. కాక్ ఒక వైపే ఉన్న ట్యాంకులో రెండో పక్క పల్లం ఖాళీ కాదు. తలకిందులు చేసి మెడలోంచి వంచితే, లోపలికి చొచ్చుకొచ్చిన మెడ అంచు మళ్లీ కొంత పట్టుకుంటుంది. సిరంజికి సన్నని గొట్టం తగిలించి పీల్చేయడం దీనికి తేలిక మార్గం. కాక్ మరలను, మెడ అంచును వెంటనే థిన్నర్ గుడ్డతో తుడవాలి. ఆలస్యం చేస్తే కాక్ బిగించడమే కుదరదు.

చిల్లుల మాటకొస్తే, గుండుసూది మొనంత వాటిని సీలర్ మూయగలదు. అంతకు మించిన వాటికి ముందే, శుభ్రం చేసిన ట్యాంకుకు, రేడియేటర్ షాపులో టంకం పెట్టించాలి. బయటి నుంచి సబ్బు రుద్దడం ఇంటికి చేరేదాకా పనికొచ్చే ఉపాయం, అంతే.

మిగతా కిట్లతో పోల్చి చూద్దాం. రెడ్-కోట్ ద్రావకంలో కరిగే ఎర్రటి పూత, తప్పు జరిగితే ఎంఈకే అనే ద్రావకం పోసి తీసేయవచ్చు, కొత్తగా ప్రయత్నించేవాళ్లకు అది పెద్ద ఊరట. క్రీమ్ (Kreem) అనే బ్రాండు తెల్లటి పూత ఇథనాల్ పెట్రోల్‌లో మెత్తబడి ఊడుతుందన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది, ఈ-20 రోజుల్లో దాన్ని ఎంచుకోవడానికి కారణం కనిపించదు. కాస్‌వెల్ రెండు భాగాల ఎపాక్సీ గట్టి సరుకే గానీ, కలిపాక మన ఎండల్లో చాలా త్వరగా బిగుసుకుంటుంది. ఇథనాల్‌ను తట్టుకుంటుందని తయారీదారే చెబుతున్న పోర్-15, తిప్పడానికీ వంచడానికీ తగినంత సమయం ఇస్తుంది. దీనికి ఉన్న పెద్ద లోపం ధర. దిగుమతి సరుకు కాబట్టి మామూలు కమ్యూటర్ బండికి లెక్క కుదరదు. మరో లోపం, తెరిచిన డబ్బా నిలవ ఉండదు. మూత కింద పాలిథిన్ పెట్టకపోతే అది డబ్బాకే అతుక్కుపోతుంది.

పూత గట్టిపడటానికి 96 గంటలు పడుతుంది. అంతసేపూ మెడ, కాక్ రంధ్రం రెండూ తెరిచే ఉంచాలి. నాలుగో రోజు వేలికి గట్టిగా తగిలినా మడతల్లో పచ్చి ఉండొచ్చు, వాసన పూర్తిగా పోయాకే పెట్రోల్ పోయండి. పాత కాక్‌ను తిరిగి బిగించొద్దు, జాలీ ఉన్న కొత్తది వేయండి. మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోలేదని చూసుకోండి, లేకపోతే కాసేపు నడిచాక పెట్రోల్ దిగక ఇంజిన్ ఆగిపోతుంది. మొదటి రెండు ట్యాంకులు అయిపోయాక ఫ్లోట్ గిన్నె విప్పి చూడండి. వెండిరంగు రేకులు కనిపిస్తే పూత సరిగా పట్టలేదని అర్థం. అప్పుడు కార్బురేటర్ శుభ్రం చేసి అలాగే నడపకుండా ట్యాంకు మళ్లీ దించాల్సిందే.