వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్: గైడ్ అని చెప్పి డ్రైవర్‌ని పంపారు

ముగ్గురికి కలిపి 2,340 యూరోలు. మన డబ్బుల్లో రెండు లక్షల ముప్ఫై వేలు దాటింది. అంత కట్టింది వ్యాను కోసం కాదు, గైడ్ కోసం. 'మూడు రాజధానులు, ప్రైవేట్ గైడెడ్ టూర్' అని వాళ్లే రాశారు. ఆ గైడ్ చివరిదాకా రాలేదు. ఇలాంటి టూరు బుక్ చేసుకుందామని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవాలని రాస్తున్నాను.

మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి సెలవు దొరకలేదు. మావారికి మోకాలి ఆపరేషన్ అయింది, రైల్వే స్టేషన్లలో సూట్‌కేసులు లాక్కుంటూ తిరగలేరు. మాతో వచ్చిన మా వదిన, అంటే మావారి అక్కయ్య, జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో ఆస్ట్రియా-హంగరీ గురించి ముప్ఫై ఏళ్లు పిల్లలకు చెప్పిన మనిషి. అడగాల్సిన ప్రశ్నలు ఒక చిన్న నోటుబుక్కులో రాసి తెచ్చుకున్నారు. 'వాళ్లకి కారూ ఉంటుంది, చెప్పే మనిషీ ఉంటాడు' అని అబ్బాయి ప్రైవేట్ టూర్ తీసుకున్నాడు. వీసా గొడవ పెద్దగా లేదు. ఆస్ట్రియా, స్లొవాకియా, హంగరీ, ఈ మూడు దేశాలూ షెంగెన్‌లోవే కాబట్టి జర్మనీ వీసాతోనే అన్నీ తిరిగాం.

వియన్నాలో హోటల్ దగ్గరికి వ్యాను టైముకే వచ్చింది. శుభ్రంగా ఉంది, ఏసీ బాగుంది. డ్రైవర్ మర్యాదస్తుడు, మావారికి చెయ్యందించి ఎక్కించాడు. షోన్‌బ్రున్ ప్యాలెస్ ముందు ఆపి, "రెండు గంటల్లో ఇక్కడికే వచ్చేయండి" అన్నాడు. గైడ్ ఎక్కడ అని అడిగాను. లోపల ఆడియో గైడ్ ఇస్తారన్నాడు. టికెట్లు? మీరే కొనుక్కోవాలన్నాడు. అక్కడ టికెట్ మీద లోపలికి వెళ్లే టైము వేసి ఉంటుంది. మాకు దొరికిన టైముకి ఇంకా గంటన్నర పైనే ఉంది. ఎండలో ఒక బెంచీ మీద మావారు మోకాలు పట్టుకుని కూర్చున్నారు.

డ్రైవర్‌ని తప్పుపట్టను. అతనే నిజం చెప్పాడు. ఆస్ట్రియాలో డబ్బు తీసుకుని ఊరు చూపించే గైడ్‌కి లైసెన్సు ఉండాలి, పరీక్ష పాసవ్వాలి. లైసెన్సు లేని డ్రైవర్ బండి దిగి మనతో నడుస్తూ చెబితే చట్టం ఒప్పుకోదు. "కంపెనీ మీకు ఏం చెప్పిందో నాకు తెలీదు మేడమ్, నాకు డ్రైవింగ్ మాత్రమే ఇచ్చారు" అన్నాడు. అబ్బాయి ఫోన్ చేస్తే ఆఫీసువాళ్లు బుకింగ్ కాగితంలో చివరి పేజీ చూసుకోమన్నారు. అక్కడ చిన్న అక్షరాల్లో 'ఇంగ్లీషు మాట్లాడే డ్రైవర్' అని ఉంది. వియన్నాలో లైసెన్సు గైడ్ కావాలంటే సగం రోజుకి ఇంకో 280 యూరోలు అన్నారు. పైన పెద్ద అక్షరాల్లో గైడెడ్ అని రాసి, కింద చిన్న అక్షరాల్లో డ్రైవర్ అని రాయడం మోసం. దానికి వేరే పేరు లేదు.

ప్యాలెస్ గొప్పగా ఉంది, అందులో సందేహం లేదు. అద్దాల గదిలో ఆరేళ్ల మొజార్ట్ 1762లో మరియా థెరీసా రాణి ముందు వాయించాడని ఆడియోలో చెప్పారు. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి 1830లో పుట్టిందీ, 1916లో చనిపోయిందీ ఆ ప్యాలెస్‌లోనే. కానీ ఆడియో యంత్రాన్ని ప్రశ్న అడగలేం కదా. వదినకి ఆ ఇంగ్లీషు యాస అందలేదు. నేను విని, ఆపి, తెలుగులో చెప్పేలోపు వెనకవాళ్లు తోసుకుంటూ వచ్చేవాళ్లు. నాలుగైదు గదుల తర్వాత ఆవిడ యంత్రం మెడలోంచి తీసేసి నా చేతికిచ్చారు. నోటుబుక్కు హ్యాండ్‌బ్యాగులోంచి బయటికే రాలేదు. ఆ సాయంత్రం సెయింట్ స్టీఫెన్స్ చర్చి, హోఫ్‌బర్గ్, ఒపేరా, అన్నీ వ్యాను కిటికీలోంచి అయిపోయాయి. వియన్నాలో మావారికి నచ్చింది కుళాయి నీళ్లు. ఆల్ప్స్ కొండల ఊట నీళ్లు పైపుల్లో ఊళ్లోకి వస్తాయి, మొదటి పైపులైను 1873 నాటిది. వీధి కుళాయిల దగ్గర సీసా నింపుకుంటే సరిపోతుంది, నీళ్లకి మూడు నాలుగు యూరోలు పోయక్కర్లేదు.

బ్రాటిస్లావాకి రోడ్డు మీద ఎనభై కిలోమీటర్లు కూడా లేదు. అయినా పూట సగం పట్టింది, దారిలో ఒక ఔట్‌లెట్ మాల్ దగ్గర గంటన్నర ఆపారు కాబట్టి. ప్రోగ్రాం షీట్‌లో దాన్ని 'విశ్రాంతి' అని రాశారు. మేం అక్కడ కొన్నది ఏమీ లేదు.

అప్పటికే అబ్బాయికి కోపం వచ్చి, బ్రాటిస్లావాలో స్థానిక గైడ్‌ని తనే ఆన్‌లైన్‌లో వెతికి మాట్లాడాడు. మూడు గంటలకి 130 యూరోలు. మనిషికి కాదు, మొత్తం ముగ్గురికీ. ఈ టూర్లో మాకు దక్కిందంతా ఆ మూడు గంటల్లోనే దక్కింది.

నలభై ఏళ్ల పైబడిన ఆవిడ, పొట్టి జుట్టు, చేతిలో గొడుగు. రాగానే మావారి నడక చూసి, "మెట్లు లేని దారిలో వెళ్దాం, కోట కింద నుంచే చూద్దాం" అంది. బ్రాటిస్లావా కోటకి నాలుగు మూలలా నాలుగు బురుజులు. తిరగేసిన బల్లలా ఉంటుందని అక్కడివాళ్లే అంటారట. తర్వాత వదిన వైపు తిరిగి, "మీకేం తెలుసుకోవాలని ఉంది?" అని అడిగింది. మా వదిన నోటుబుక్కు తీశారు.

మొదటి ప్రశ్న, ఆస్ట్రియా పక్కన హంగరీ పేరు ఎందుకు చేరింది అని. ఆ గైడ్ ఎక్కడా తడుముకోలేదు. 1541లో బుడా, అంటే ఇప్పటి బుడాపెస్ట్‌లో ఒక భాగం, తుర్కుల చేతికి చిక్కింది. ఆ కాలంలోనే హంగరీ రాజధాని ఈ ఊరికి మారింది. అందుకే 1563 నుంచి 1830 దాకా హంగరీ రాజుల పట్టాభిషేకాలు ఇక్కడి సెయింట్ మార్టిన్ చర్చిలో జరిగాయి. మరియా థెరీసాకి 1741లో కిరీటం పెట్టింది ఇక్కడే. నిన్న మేం వియన్నాలో చూసిన ప్యాలెస్ రాణి, ఈ వీధిలో కిరీటం పెట్టుకుని నడిచింది! తర్వాత గుర్రమెక్కి, రాజ్యంలోని అన్ని జిల్లాల మట్టీ తెచ్చి పోసిన దిబ్బ మీదికి వెళ్లి, నాలుగు దిక్కులకూ కత్తి చూపించిందట. ఏ దిక్కు నుంచి శత్రువు వచ్చినా కాపాడతానని ప్రమాణం. 1867లో ఒప్పందం కుదిరి రాజ్యం పేరులో రెండు దేశాలూ చేరాయి. ఆ ఏడాది ఫ్రాంజ్ జోసెఫ్‌కి హంగరీ రాజుగా పట్టం కట్టింది మాత్రం బుడాలో, మత్తయాస్ చర్చిలో. "రేపు మీరు అది చూస్తారు, కిరీటం కూడా అక్కడే పార్లమెంటులో ఉంది" అంది.

పాత ఊరి రాళ్ల వీధిలో ఒకచోట ఆగి నేల చూపించింది. అరచేయంత ఇత్తడి కిరీటం, రాళ్ల మధ్య బిగించి ఉంది. రాజులు ఊరేగిన దారి పొడవునా అవి ఉన్నాయి. జనం నడిచి నడిచి మధ్యభాగం బంగారంలా మెరుస్తోంది, అంచుల్లో మట్టి పేరుకుని నల్లగా ఉంది. వదిన వంగి వేలితో తడిమారు. అక్కడి నుంచి తర్వాతి కిరీటం ఎక్కడుందో ఆవిడే ముందు నడుస్తూ వెతికారు. వియన్నాలో మాట్లాడకుండా కూర్చున్న మనిషి, ఇక్కడ తమ్ముణ్ని "ఒరే, ఇటు రారా, ఇక్కడింకోటి ఉంది" అని పిలుస్తున్నారు.

గైడ్ అందమైనవే చూపించి ఊరుకోలేదు. సెయింట్ మార్టిన్ చర్చి గోడని ఆనుకున్నట్టే పెద్ద రోడ్డు పోతుంది, కార్ల చప్పుడుకి గొంతు పెంచి మాట్లాడాలి. డాన్యూబ్ నది మీద 1972లో పూర్తయిన కొత్త వంతెన కోసం, అంతకు కొన్నేళ్ల ముందు పాత ఊరిలో ఆ పక్క ఇళ్లు చాలావరకు పడగొట్టారు. చర్చి పక్కనే ఉండే యూదుల ప్రార్థనామందిరం కూడా పోయింది. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో బాధ స్పష్టంగా తెలిసింది. వంతెన స్తంభం మీద గుండ్రటి రెస్టారెంటు ఉంది, దాన్ని యూఎఫ్ఓ అంటారు. పైకి వెళ్లడానికి టికెట్ ఉంది, మేం వెళ్లలేదు.

భోజనం దగ్గర ఇంకో మేలు చేసింది. మా వదిన మాంసం, గుడ్డు ముట్టరు. వియన్నాలో అటుకులు, తెచ్చుకున్న కారప్పొడితోనే గడిపారు. బ్రిండ్జోవే హలుష్కి అని స్లొవాకియావాళ్ల వంటకం ఉంది. బంగాళదుంప పిండి ముద్దలు చిన్నవిగా ఉడికించి, గొర్రెపాల చీజ్ కలుపుతారు. మామూలుగా పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. గైడ్ వంటగది దాకా వెళ్లి పిండిలో గుడ్డు లేదని కనుక్కుంది, పైన ముక్కలు వెయ్యొద్దని చెప్పించింది. 'బెజ్ స్లానినీ' అనాలని నాకూ నేర్పింది. శాకాహారులు ఈ మాట రాసి పెట్టుకోండి. ప్లేటు 9 యూరోల 80 సెంట్లు. వేడివేడిగా, కాస్త పులుపుగా, ఉప్పగా ఉంది. వదిన పైన కారప్పొడి చల్లుకుని ప్లేటు ఖాళీ చేశారు. గైడ్ కూడా ఆ పొడి అడిగి వేయించుకుంది. బయల్దేరేటప్పుడు మిగిలిన పొట్లం ఆవిడకే ఇచ్చేశాం.

బుడాపెస్ట్‌లో బస మళ్లీ అదే కంపెనీ చూసింది. అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు, లిఫ్ట్ ఉంది అన్నారు. బుడాపెస్ట్ పాత భవనాల్లో చాలాచోట్ల కింది అంతస్తుకీ మొదటి అంతస్తుకీ మధ్య సగం అంతస్తు ఒకటి ఉంటుంది. దాన్ని లెక్కలో వెయ్యరు. పైకప్పులు ఎత్తు, కాబట్టి వాళ్ల రెండో అంతస్తుకి చేరేసరికి మన మూడో అంతస్తు దాటిపోతుంది. లిఫ్ట్ తలుపుకి హంగేరియన్‌లో కాగితం అంటించి ఉంది. ఫోన్‌తో చదివితే 'పనిచేయదు' అని వచ్చింది. కాగితం అంచులు పసుపుపచ్చగా మారాయి, అంటే అది నిన్నా మొన్నా అంటించింది కాదు. తాళం గోడకున్న చిన్న పెట్టెలో ఉంది, మనిషి లేడు. మావారు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి ఎక్కారు. మధ్యలో రెండుసార్లు మెట్ల మీదే కూర్చున్నారు. డ్రైవర్, తన పని కాకపోయినా, సూట్‌కేసులు పైకి మోశాడు. అతనికి 20 యూరోలు ఇస్తే వద్దన్నాడు, బలవంతంగా జేబులో పెట్టాను. గీజర్ ఒక మనిషి స్నానానికి సరిపోతుంది. రెండోవాళ్లకి చన్నీళ్లు.

కంపెనీకి ఫోన్ చేస్తే 'రెండో అంతస్తు అని ముందే రాశాం' అన్నారు. మోకాలి ఆపరేషన్ సంగతి అబ్బాయి బుకింగ్‌లో రాశాడు, దానికి జవాబు లేదు. తెల్లారి మేమే ఖాళీ చేసి, లిఫ్ట్ ఉన్న హోటల్లో మూడు మంచాల గది తీసుకున్నాం. రాత్రికి 46,000 ఫోరింట్లు (హంగరీ డబ్బు), టిఫిన్‌తో కలిపి. ఈ డబ్బు ఇప్పటిదాకా తిరిగి రాలేదు.

బుడాపెస్ట్ మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పార్లమెంటు టికెట్ అబ్బాయి ముందే ఆన్‌లైన్‌లో కొన్నాడు. యూరోపియన్ యూనియన్ పౌరులకి ఒక ధర, మనలాంటి బయటివాళ్లకి దాదాపు రెట్టింపు. అయినా కొనండి. లోపల గుమ్మటం కింద గాజుపెట్టెలో ఆ కిరీటం ఉంది. పైనున్న శిలువ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చేతికి వెళ్లి, 1978లో తిరిగొచ్చిందట. మా వదిన దాని ముందు నిలబడి, నిన్న గైడ్ చెప్పిన కథంతా మావారికి మొదటి నుంచీ మళ్లీ చెప్పారు. గార్డు కదలమనేదాకా కదల్లేదు. బ్రాటిస్లావా గైడ్ లేకపోతే అదొక పాత కిరీటంగానే కనబడేది మాకు.

నది ఒడ్డున ఇనప చెప్పులు చూశాం, యుద్ధకాలంలో అక్కడ కాల్చి నీళ్లలో పడేసిన యూదుల గుర్తుగా 2005లో పెట్టినవి. రెండో నంబర్ ట్రామ్ డాన్యూబ్ పక్కనే పోతుంది, మోకాళ్ల నొప్పులవాళ్లకి అంతకన్నా మంచి సైట్‌సీయింగ్ బుడాపెస్ట్‌లో లేదు. మార్కెట్ హాల్లో లాంగోష్, అంటే నూనెలో వేయించిన పిండి రొట్టె, 2,900 ఫోరింట్లు, వెల్లుల్లీ చీజ్‌తో బాగుంది, ఒకటి ఇద్దరికి చాలు. ఏటీఎంలో రూపాయల్లో లెక్క చూపించి ఒప్పుకోమంటుంది, ఒప్పుకోకుండా ఫోరింట్లలోనే తీసుకోండి.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే. కాళ్లు బాగున్నవాళ్లు వ్యాను జోలికి పోవద్దు. వియన్నా నుంచి బ్రాటిస్లావాకి రైల్లో గంట, అక్కడి నుంచి బుడాపెస్ట్‌కి రెండున్నర గంటలలోపే. మిగిలే డబ్బుతో ప్రతి ఊళ్లోనూ స్థానిక లైసెన్సు గైడ్‌ని పెట్టుకోండి. మా ఇంట్లోలాగా పెద్దవాళ్లుంటే కారు తీసుకోండి, కానీ డబ్బు కట్టేముందు ఈమెయిల్లో రాయించుకోండి: బండి దిగి మాతో నడిచే గైడ్ ఏ ఊళ్లో ఎన్ని గంటలు, టికెట్లు ఎవరు కొంటారు, లిఫ్ట్ ఈరోజు పనిచేస్తోందా అని. ఫోన్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

కంపెనీ మాకు వచ్చే టూర్ మీద పది శాతం కూపన్ పంపింది. అబ్బాయి దాన్ని తిప్పి పంపేసి, లిఫ్ట్ కాగితం ఫోటో, హోటల్ బిల్లు, బుకింగ్ మొదటి పేజీ, చివరి పేజీ జతచేసి కార్డు బ్యాంకులో కంప్లయింట్ పెట్టాడు. అది ఇంకా తేలలేదు.