విదేశీ గడ్డపై టెస్టు గెలవాలంటే ఏది మేలు: అదనపు బ్యాటరా, అదనపు బౌలరా?

భారత జట్టు విదేశీ పర్యటనకు బయల్దేరిన ప్రతిసారీ తుది జట్టు గురించి ఒకటే వాదన. ఎనిమిదో స్థానం దాకా పరుగులు చేసేవాళ్లను పెట్టుకోవాలా, లేక ఒక బ్యాటర్‌ను తగ్గించుకుని మరో అసలైన బౌలర్‌ను ఆడించాలా? 2025లో ఇంగ్లండ్ సిరీస్ నడిచినన్నాళ్లూ నన్ను ఇది అడగని క్రికెట్ మిత్రుడు లేడు. ఒక్క మ్యాచ్ చూసి చెప్పే జవాబు కాదిది. పరాయి గడ్డ మీద కొన్ని జట్లు ఎలా గెలిచాయో, దాదాపు అంతే బలమున్న జట్లు ఎక్కడ ఆగిపోయాయో పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు బ్యాటింగ్ పక్షం సంగతి. బోర్డు మీద పెద్ద స్కోరుంటే ఓటమి భయం ఉండదని, అవతలివాళ్లు ఆ ఒత్తిడికే చిత్తవుతారని వీళ్ల నమ్మకం. 2025 జూన్‌లో జరిగిన లీడ్స్ టెస్టు ఈ నమ్మకానికి పెద్ద పరీక్ష. జైస్వాల్ 101, గిల్ 147, పంత్ 134, రెండో ఇన్నింగ్స్‌లో రాహుల్ 137, మళ్లీ పంత్ 118. ఒకే టెస్టులో అయిదు సెంచరీలు. అయినా 371 పరుగుల లక్ష్యాన్ని ఇంగ్లండ్ అయిదు వికెట్లే పోగొట్టుకుని కొట్టేసింది. అయిదు సెంచరీలు చేసి కూడా టెస్టు ఓడిన జట్టు అంతకుముందు లేదు. తొలి ఇన్నింగ్స్‌లో బుమ్రా అయిదు వికెట్లు తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో అతనికి ఒక్క వికెట్ కూడా దక్కకపోయేసరికి ఇంగ్లండ్ ఓపెనర్ డకెట్‌ను ఆపే నాథుడే లేకపోయాడు. చేజారిన క్యాచ్‌లు కూడా మనల్ని ముంచాయి, అది వేరే విషయం.

ఇది ఇప్పటి కథ కాదు. 2004 జనవరిలో సిడ్నీలో సచిన్ 241 నాటౌట్, లక్ష్మణ్ 178, జట్టు స్కోరు 7 వికెట్లకు 705 డిక్లేర్డ్. ఆ టెస్టులో కుంబ్లే ఒక్కడే పన్నెండు వికెట్లు తీశాడు. మ్యాచ్ డ్రా, సిరీస్ 1-1. మరో చివర నుంచి గట్టిగా వేసేవాడు ఒక్కడుంటే కంగారూ గడ్డ మీద తొలి సిరీస్ విజయం కోసం మనం 2019 దాకా ఆగాల్సిన పని ఉండేది కాదని నా గట్టి నమ్మకం. 2011లో ఇంగ్లండ్‌లో ద్రవిడ్ మూడు సెంచరీలు కొట్టాడు. అయినా సిరీస్ 0-4తో పోయింది. జహీర్ లార్డ్స్‌లో మొదటి రోజే గాయపడి వెళ్లిపోయాక ఇంగ్లండ్ బ్యాటర్లను కట్టడి చేసే దారి దొరకలేదు.

బ్యాటింగ్ పక్షానికీ గట్టి సాక్ష్యం ఒకటుంది. 2018 మొదట్లో దక్షిణాఫ్రికాలో మన బౌలర్లు మూడు టెస్టుల్లోనూ ఇరవై వికెట్లు తీశారు. మొత్తం అరవై. అయినా సిరీస్ 1-2. కేప్‌టౌన్‌లో 208 పరుగుల లక్ష్యం ముందుంటే 135కే ఆలౌటయ్యాం. అదే ఏడాది ఎడ్జ్‌బాస్టన్‌లో 194 చేయలేక 31 పరుగుల తేడాతో ఓడిపోయాం. కోహ్లి ఆ ఇంగ్లండ్ సిరీస్‌లో 593 పరుగులు చేసినా మిగతావాళ్ల అండ లేక 1-4తో తిరిగొచ్చాం. కాబట్టి బౌలింగ్ ఒక్కటుంటే చాలు అనేవాళ్లతో నేను ఏకీభవించను.

అలాగని రెండూ సమానమే అని కూడా అనను. 2025 మాంచెస్టర్ టెస్టులో ఇంగ్లండ్ 669 చేస్తే గిల్, రాహుల్, జడేజా, సుందర్ రోజున్నర నిలబడి మనల్ని గట్టెక్కించారు. అద్భుతమైన పోరాటం. కానీ దక్కింది డ్రా. బ్యాటింగ్ లోతు చేయగలిగింది చాలాసార్లు అంతే: ఓటమిని ఆపుతుంది. సిరీస్ మనదవ్వాలంటే ఎవరో ఒకరు ఇరవై వికెట్లు తీయాలి.

ఆ ఇరవై వికెట్లను ఒక్క మహా బౌలర్ తీసిపెడతాడా? 2024-25 ఆస్ట్రేలియా పర్యటనే దీనికి జవాబు. బుమ్రా 32 వికెట్లు, సగటు 13 పైచిలుకు. పర్యటన జట్టు బౌలర్ ఇంతకన్నా ఏం చేయగలడు? అయినా 1-3తో ఓడాం. మెల్‌బోర్న్‌లో రెండో ఇన్నింగ్స్‌లో 91కి ఆరు వికెట్లు పడ్డ ఆస్ట్రేలియా చివరికి 234 చేసింది. పదో వికెట్‌కు లయన్, బోలాండ్ అరవైకి పైగా జోడించారు. సిడ్నీకి వచ్చేసరికి బుమ్రా నడుం పట్టేసింది. 162 పరుగుల లక్ష్యాన్ని కాపాడుకోవాల్సిన రోజున అతను బంతి పట్టనే లేదు.

నా దృష్టిలో అసలు కిటుకు ముప్పయ్యో ఓవర్ నుంచి ఎనభయ్యో ఓవర్ దాకా ఉన్న ఆ యాభై ఓవర్లలో ఉంది. ఆస్ట్రేలియాలో వాడే కూకబుర్రా బంతి కొత్తగా ఉన్నంతసేపే గట్టిగా కదులుతుంది. సీమ్, అంటే బంతి మీది కుట్టు, మెత్తబడ్డాక దాన్ని ఆడటం తేలిక. ఎనభై ఓవర్లు అయితే గానీ రెండో కొత్త బంతి రాదు. సొంతగడ్డ ఓపెనర్లకు ఇది బాగా తెలుసు. మొదటి స్పెల్ ఓపిక పట్టి దాటేస్తారు, మూడో బౌలర్ చేతికి బంతి రాగానే లెక్క సరిచేసుకుంటారు. అప్పుడు కెప్టెన్ అలసిపోయిన మొదటివాడినే మళ్లీ పిలవాల్సి వస్తుంది. విదేశాల్లో ఓడే జట్లు ఎక్కువగా పట్టు కోల్పోయేది ఇక్కడే. ఆ యాభై ఓవర్లలోనూ పట్టు సడలని జట్లే గెలిచొస్తాయి.

మెల్‌బోర్న్ 2018 గుర్తు తెచ్చుకోండి. లంచ్‌కు ముందు చివరి బంతి, ఎదురుగా షాన్ మార్ష్, పిచ్‌లో ప్రాణం లేదు. మిడాఫ్‌లో ఉన్న రోహిత్ స్లో బాల్ ప్రయత్నించమన్నాడు. బుమ్రా వేగం బాగా తగ్గించి యార్కర్ వేశాడు. మార్ష్ ముందే బ్యాట్ ఊపేశాడు, బంతి తీరిగ్గా వచ్చి ప్యాడ్‌కు తగిలింది. ఎల్బీ. బంతి పాతబడ్డాక ఏం చేయాలో తెలిసిన బౌలింగ్ అంటే ఇదీ. ఆ సిరీస్‌లో పుజారా 521 పరుగులు చేసి, పన్నెండు వందలకు పైగా బంతులు ఆడి వాళ్ల బౌలర్లను అలిసేలా చేశాడు. ఆ పరుగులకు విలువ వచ్చింది మాత్రం బుమ్రాతో పాటు షమి, ఇషాంత్ కూడా ఊపిరి సలపనివ్వకపోవడం వల్లే.

వెస్టిండీస్ 1980 నుంచి 1995 దాకా ఒక్క టెస్టు సిరీస్ కూడా ఓడకపోవడం వెనక ఉన్నదీ ఇదే. ఇద్దరు ఫాస్ట్ బౌలర్లు అలిసిపోతే ఇంకో ఇద్దరు అంతే వేగంతో సిద్ధంగా ఉండేవారు. 2004లో ఆస్ట్రేలియా భారత్‌లో 2-1తో గెలిచినప్పుడు కూడా వార్న్ ఒక్కడినే నమ్ముకోలేదు. మెక్‌గ్రాత్, గిలెస్పీ, కాస్‌ప్రోవిచ్ వికెట్ల మీదకే బంతులు వేస్తూ, లెగ్‌సైడ్ ఫీల్డర్లను పెట్టి మన బ్యాటర్ల ఓపికను పరీక్షించారు.

భారత్‌కు వచ్చే జట్లకు స్పిన్నర్లే ఆ యాభై ఓవర్లు మోయాలి. 2012లో ఇంగ్లండ్ అహ్మదాబాద్‌లో పనేసర్‌ను పక్కన పెట్టి ఓడింది. ముంబైలో అతన్ని తెచ్చుకుంటే పదకొండు వికెట్లు తీశాడు, సిరీస్ 2-1తో వాళ్లదైంది. 2024లో న్యూజిలాండ్ విలియమ్సన్ లేకుండానే 3-0 చేసి వెళ్లింది. పుణెలో శాంట్నర్ 13 వికెట్లు, ముంబైలో ఎజాజ్ పటేల్ 11. మరీ తిరిగే పిచ్ తయారు చేస్తే మన స్పిన్నర్‌కూ వచ్చినవాళ్ల స్పిన్నర్‌కూ తేడా తగ్గిపోతుందన్న సంగతి మనవాళ్లు ఇప్పటికైనా గట్టిగా పట్టించుకోవాలి. 2025లో కోల్‌కతాలో దక్షిణాఫ్రికా మీద 124 చేయలేక 93కే కుప్పకూలడం మరీ బాధ కలిగించింది.

మిగతావి క్లుప్తంగా. ప్రాక్టీస్ మ్యాచ్‌లు మేలే చేస్తాయి. 2010-11లో ఆస్ట్రేలియా గడ్డ మీద యాషెస్ సిరీస్ గెలిచిన ఇంగ్లండ్ వాటిని శ్రద్ధగా ఆడింది. టాస్‌ను నేను పెద్దగా లెక్కచేయను. 2024లో బెంగళూరులో టాస్ గెలిచింది మనమే, 46కు ఆలౌటైందీ మనమే.

మరి అదనపు బ్యాటరా, బౌలరా? నా ఓటు బౌలర్‌కే. పరుగుల లోటు ఎలా పూడ్చుకోవచ్చో 2021లో బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో ఆస్ట్రేలియాతో ఆడిన టెస్టు చూపించింది. తొలి ఇన్నింగ్స్‌లో 186కు ఆరు వికెట్లు పడ్డాక శార్దూల్ 67, సుందర్ 62 చేశారు. అంతకుముందు బంతితో చెరో మూడు వికెట్లు తీసింది కూడా వాళ్లే. బ్యాట్ పట్టగల బౌలర్ దొరికితే వదలకూడదు. దొరకనప్పుడు పరుగుల కోసం వికెట్లు తీసేవాణ్ని పక్కన పెట్టకూడదు. 2025 ఇంగ్లండ్‌లో అయిదు టెస్టుల్లో ఒక్కదాంట్లోనూ స్పిన్నర్ కుల్దీప్‌ను ఆడించలేదు. ఎడ్జ్‌బాస్టన్‌లో బుమ్రా లేకపోయినా ఆకాశ్‌దీప్ పది వికెట్లు తీసి గెలిపించాడు. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడిన సిరాజ్, మరో చివర నుంచి ప్రసిద్ధ్ కలిసి ఓవల్‌లో ఆరు పరుగుల తేడాతో గట్టెక్కించారు. లీడ్స్ చివరి రోజున, మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ 669 చేస్తున్నప్పుడు పాత బంతితో కుల్దీప్ ఉండి ఉంటే ఆ సిరీస్ 2-2 దగ్గర ఆగేది కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.